నాకు వినబడని ఈల

రికార్డింగ్ పని నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు పటాన్‌చెరులోని మా ఇంటికి వస్తుంటారు. ఏ మైకు కొనాలి, వయొలిన్‌కు ఎంత దూరంలో పెట్టాలి, డ్రమ్స్ మోతను ఎట్లా అదుపు చేయాలి అని అడుగుతారు. చాయ్ తాగుతూ నాకు తెలిసింది చెప్తాను. కుర్చీ ఎప్పుడు ఖాళీ చేయాలని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. వాళ్ల వయసు అలాంటిది. అడగకపోయినా చెప్పాల్సిన పని నాది కాబట్టి ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్ప తక్కువ, బుద్ధితక్కువతనం ఎక్కువ. ముందే చెప్పాను, తర్వాత నన్ను అనొద్దు.

ముప్పై ఎనిమిదేళ్లు నేను బతికింది చెవుల మీదే. సంగారెడ్డిలో పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టడంతో మొదలుపెట్టి, హైదరాబాదులో సినిమా పాటల స్టూడియోలో ఇరవై ఏళ్లు చేసి, ఆ తర్వాత సొంత సామాను కొనుక్కుని ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లి రికార్డింగ్ చేసేవాణ్ని. ముప్పై వయొలిన్లు కలిసి వాయిస్తుంటే వెనక వరుసలో ఎవరి తీగ కొంచెం దిగిందో కూర్చున్న చోటి నుంచే చెప్పేవాణ్ని. ఆయనవి పాము చెవులు అనేవాళ్లు. పొగిడితే ఎవరికి చేదు? ఆ మాట తలకెక్కించుకుని, కంప్యూటర్ తెర వైపు చూడటం నామోషీ అనుకునే దాకా వచ్చాను. శబ్దాన్ని రంగురంగుల గీతలుగా చూపించే తెర అది. "వినేదాన్ని చూసుడేంది?" అని అందరి ముందు ఎగతాళి చేసేవాణ్ని.

నా దగ్గర ఏడేళ్లుగా పనిచేస్తున్న ఇంజనీరు ఒకామె ఉండేది. వెలిమెల అమ్మాయి, ముప్పై ఏళ్లు ఉంటాయి. నాకంటే పద్ధతైన మనిషి. వైర్లన్నీ చుట్టి పేర్లు రాసి పెట్టేది, ఏ మైకు ఎక్కడ పెట్టామో నోట్‌బుక్కులో బొమ్మ గీసేది, నేను వెక్కిరించే ఆ తెరను కూడా చూస్తూనే ఉండేది. అయితే కుర్చీలో కూర్చునేది మాత్రం నేనే. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ ఆమె పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆ ఏర్పాటు మారుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఒక సంవత్సరం, గిటార్లతో గర్జించే మెటల్ బ్యాండ్ పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నలుగురూ ఇక్కడి వాళ్లే, పగలు కంపెనీల్లో పని. గిటారు వాయించేవాడు కాజీపల్లిలో మందుల కంపెనీ ల్యాబులో చేస్తాడు. డ్రమ్స్ వాయించేవాడు పటాన్‌చెరులో రేకులు కొట్టే ప్రెస్ షాపులో ఆపరేటర్. పాడేవాడు కంపెనీ బస్సు నడుపుతాడు. మైకు ముందు నిలబడితే గొంతులోంచి పులి వచ్చేది, మామూలుగా మాట్లాడితే పక్కన కూర్చున్నవాడికి వినబడదు. నాలుగో అతను బేస్ గిటారు, మాటలే ఆడడు. వాళ్లకు ఒకటే కోరిక. ముప్పై వయొలిన్ల ఆర్కెస్ట్రాతో ఒకే చోట, ఒకే సమయంలో, కలిసి వాయించాలి. నాలుగు పాటలు. రెండేళ్లు షిఫ్టులు మార్చుకుంటూ అభ్యాసం చేశారు.

నేను అది కుదిరే పని కాదన్నాను. డ్రమ్స్ మోత వయొలిన్ మైకుల్లోకి దూరిపోతుంది, ముందు మీరు వాయించుకోండి, వయొలిన్లు తర్వాత పైన అతికిద్దాం, సినిమాల్లో అందరూ చేసేది అదే అన్నాను. గిటారు పిల్లాడు తల అడ్డంగా ఊపాడు.

"అతికిస్తే అతికినట్టే ఉంటది సార్. మా మోతకు వాళ్లు ఉలికిపడాలె, వాళ్లను జూసి మేం తగ్గాలె. గదే కావాలె మాకు."

ఆ మాట నాకు నచ్చింది. వెధవ, సరైన చోట కొట్టాడు. ఒప్పుకున్నాను.

అంతమందికీ సరిపోయే గది సిటీలో దొరకలేదు. చివరికి పటాన్‌చెరులోనే మూతబడిన ఫౌండ్రీ షెడ్డు ఒకటి దొరికింది. ఎత్తైన కప్పు, ఇటుక గోడలు. లోపల చప్పట్లు కొట్టి చూస్తే శబ్దం నిదానంగా సర్దుకుంది, పెడసరంగా తిరిగి రాలేదు. డ్రమ్స్ మోత ఆపడానికి హత్నూర రైసు మిల్లు నుంచి ఊక బస్తాలు రెండు డీసీఎం లారీల నిండా తెప్పించి చుట్టూ ఆరడుగుల గోడ కట్టాం. మోత బాగానే ఆగింది. కానీ ఊక దుమ్ముకు వయొలిన్ వాళ్లు తుమ్ములు మొదలుపెట్టారు. ఒకరు తుమ్మితే పక్కవాళ్లు అందుకున్నారు. బస్తాల మీద టార్పాలిన్లు కప్పేసరికి మధ్యాహ్నమైంది.

ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరు గారు కోస్తా మనిషి, సినిమాల్లో నాకు పాత పరిచయం. మడతనలగని చొక్కా, మడతనలగని మాట. ఆయన మనుషులు షెడ్డులో ఒక పక్క, బ్యాండ్ పిల్లలు ఇంకో పక్క. వాళ్లు ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చుకున్నారు, వీళ్లు గేటు బయట బండి మీద చాయ్ తాగారు. అన్నాలు కూడా వేర్వేరుగానే. ఎదుటివాళ్ల సామాను మీద ఇద్దరికీ అనుమానమే. వయొలిన్ల వైపు గిటారు ఆంప్లిఫయర్ డబ్బాలు తిప్పితే మా చెవులు పోతాయని అటు నుంచి, వాళ్లు శ్రుతి చేసుకునేసరికి పూట గడిచిపోతుందని ఇటు నుంచి. మధ్యలో నేను పెళ్లిపెద్ద లెక్క అటూ ఇటూ తిరిగాను.

అయినా మొదటి రోజు సాయంత్రానికి రెండు పాటలు అయ్యాయి. నిజం చెప్తున్నాను, అంత బాగా వస్తాయనుకోలేదు. గిటార్లు గర్జించి ఒక్కసారిగా ఆగిపోయిన చోట, ముప్పై వయొలిన్లు సన్నగా లేచి నిలబడేవి. ఆ నిశ్శబ్దంలో నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ రాత్రి ఇంటికి పోయి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను.

రెండో రోజు పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందు, మా ఇంజనీరు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నిన్నటి రెండిట్ల ఆ సీటీ ఉన్నది గద, అది ఎట్ల తీద్దామనుకుంటున్నరు?"

"ఏ సీటీ?" అన్నాను. మా వైపు ఈలను సీటీ అంటాం.

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఏదో మారింది. నిన్నటి పాటలో వయొలిన్లు సన్నగా వాయించే చోటు పెట్టి, హెడ్‌ఫోన్స్ నా చేతికి ఇచ్చింది. విన్నాను. శబ్దం పెంచింది. మళ్లీ విన్నాను. వయొలిన్లు ఉన్నాయి, షెడ్డు గాలి ఉంది. ఈల లేదు. తెర వైపు చూశాను. పైన, కీచు శబ్దాలు చూపించే చోట, ఏమీ ఉండకూడని దగ్గర, ఒక తెల్లటి గీత మొదటి నుంచి చివరి దాకా కొంచెం వణుకుతూ పోతోంది. ఆమె వేలు దాని మీదే ఉంది.

పిల్లలారా, ఆ గీత చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఏంటో తెలుసా? కీచురాళ్లు. మా ఇంటి వెనక పొదల్లో కీచురాళ్లు చచ్చిపోయాయని, ఫ్యాక్టరీల నీళ్లే వాటిని చంపాయని అప్పటికి నాలుగేళ్లుగా కనబడినవాళ్లందరికీ చెప్తున్నాను. ఒకసారి కాలనీ మీటింగులో లేచి నిలబడి మరీ మాట్లాడాను. నీళ్ల సంగతి నిజమే కావచ్చు. కీచురాళ్లు మాత్రం బతికే ఉన్నాయి. వినబడనిది నాకే. తర్వాత డాక్టరు కూడా పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయనీ, అది మెల్లగా పోతుంది కాబట్టి మనిషికి తెలియదనీ చెప్పాడు.

అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. నాకు వినబడట్లేదు బిడ్డా అనాలి. నోరు రాలేదు.

"ఆ, అదా," అన్నాను, హెడ్‌ఫోన్స్ తీస్తూ. "ఇన్న. మిక్సింగ్‌ల తీద్దాం తియ్యి."

ఆమె సరే సార్ అంది. నమ్మిందో లేదో ఇప్పటికీ అడగలేదు. అలా వణికే ఈలను తర్వాత తీయడం అంత తేలిక కాదు. తీయబోతే వయొలిన్ల మెరుపు కూడా దాంతోపాటే పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా కుర్చీలో కూర్చుని మూడో పాట రికార్డు చేశాను. అరగంట సేపు తెరనే చూస్తూ, ఆ తెల్ల గీత పోవాలని మనసులో దేవుళ్లందరికీ మొక్కుకుంటూ చేశాను. అది పోలేదు.

మూడో పాట అయ్యాక కండక్టరు గారు వినాలన్నారు. వినిపించాను. సగంలో చెయ్యెత్తి ఆపించారు.

"ఈ ఈల ఏంటండీ? నిన్నటి నుంచి మావాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆ కుర్రాళ్ల ఆంప్లిఫయర్లదే. మీరు సరిచేస్తారులే అని ఊరుకున్నాను."

అంతే, రెండు రోజుల నుంచి దాచుకున్నవన్నీ బయటికి వచ్చాయి. పిల్లలు తమ డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఆపి చూపించారు. అన్నీ ఆపినా ఈల ఉందన్నారు వయొలిన్ వాళ్లు. అయితే మీ పెట్టెల్లోనే ఏదో ఉంది, మా నెత్తిన వేయొద్దు అన్నాడు గిటారు పిల్లాడు. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాం, మాకు చెప్పొచ్చావా అని వెనక వరుసలో ఒక పెద్దాయన లేచాడు. ఆ సాయంత్రమే వాళ్లు చెన్నైకి బయలుదేరాలి, మర్నాడు అక్కడ వేరే పని. ఇద్దరు వయొలిన్లు పెట్టెల్లో పెట్టేయడం మొదలుపెట్టారు. గిటారు పిల్లాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండేళ్ల వాళ్ల కష్టం నా కళ్ల ముందే మడతపడుతుంటే, నేను తేలు కుట్టిన దొంగ లెక్క కూర్చున్నాను.

మా ఇంజనీరు నా వైపు చూసింది. చెప్పమని కాదు. నేను చెప్పకపోతే తను కూడా చెప్పదని ఆ చూపులో తెలిసింది. నా పరువు కోసం ఆ అమ్మాయి కూడా అబద్ధంలో కూర్చుంటుంది. అది మాత్రం నేను భరించలేకపోయాను.

లేచి నిలబడ్డాను. "ఆగుండ్రి," అన్నాను. "అది ఎక్కడిదో నాకు తెల్వది. నాకు ఇనబడలే. నిన్న ఇనబడలే, ఇయ్యాల ఇనబడలే. పొద్దుగాల ఈ బిడ్డ చెప్పింది. ఇనబడ్డట్టు నటించిన."

కండక్టరు గారు కళ్లద్దాలు తీశారు.

"పొద్దున తెలిసి కూడా మా చేత మూడోది వాయింపించారా?"

"వాయింపిచ్చిన."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, కుర్చీలో వెనక్కి వాలారు. గిటారు పిల్లాడు ఊక బస్తా మీద కూలబడ్డాడు. అప్పుడు బస్తాల గోడ వెనక నుంచి డ్రమ్స్ పిల్లాడు తల బయటికి పెట్టి, అది గాలి లైను లీకేజీ సార్ అన్నాడు. వాడికి రెండు రోజులుగా వినబడుతూనే ఉందట. మా ప్రెస్ షాపులో ఎనిమిది గంటలూ అదే మోత, లేకుంటేనే ఏదో తక్కువైనట్టు ఉంటది, అందుకే చెప్పలేదు అన్నాడు.

మీకు నవ్వొస్తుంది, కదా? నాకు ఇప్పుడు వస్తుంది. నలభై మంది ఉన్న షెడ్డులో నాకు తప్ప అందరికీ వినబడింది. వయొలిన్ వాళ్లు అది బ్యాండ్‌ది అనుకున్నారు, బ్యాండ్ వాళ్లు వయొలిన్లది అనుకున్నారు, డ్రమ్స్ పిల్లాడు అది లోకం మామూలు మోత అనుకున్నాడు, మిగిలినవాళ్లు సార్‌కు వినబడకుండా ఉంటదా అనుకున్నారు. ఇంతమంది మర్యాద కలిసి మూడు పాటలు ముంచింది. మీరు పెద్దవాళ్లయ్యాక మీ పక్కన పనిచేసేవాళ్లకు ఆ మర్యాద మాత్రం నేర్పకండి.

షెడ్డు గోడకు ఆనుకుని ప్లాస్టిక్ డబ్బాలు ఊదే కంపెనీ ఉంది, దాని మిషన్లకు గాలి పైపుల్లోనే పోతుంది. నేనే వెళ్లాను. ఇంకెవరిని పంపుతాను, ఏ ముఖంతో? అక్కడ కంప్రెసర్ రూములో ఒక ఆపరేటర్ ఉన్నాడు. హత్నూర మనిషి, నా వయసే, రిటైరుకు ఏడాది ఉంది. సంగతి చెప్పాను. ఎక్కడ లీకవుతుందో వినిపిస్తుందా అని అడిగాను. పళ్లన్నీ కనబడేటట్టు నవ్వాడు.

"నాకేం ఇనబడ్తదే అన్నా, ఇరవై ఏండ్లాయె. ఇనబడకుంటే కనబడేటట్టు చెయ్యాలె."

మగ్గులో సబ్బునీళ్లు గిలక్కొట్టి, పాత పెయింట్ బ్రష్షు తీసుకున్నాడు. మా షెడ్డు గోడ వెంబడి పోయే పైపు మీద ఒక్కొక్క జాయింటుకు నురగ పూసుకుంటూ పోయాం. నాలుగో జాయింటు దగ్గర నురగ బుడగలు బుడగలుగా పొంగింది. నా ముఖానికి జానెడు దూరంలో అది ఈల వేస్తోంది. ముప్పై ఎనిమిదేళ్లు శబ్దంతో బతికినవాణ్ని, అక్కడ నిలబడి నురగను చూస్తున్నాను.

జాయింటు బాగు చేయాలంటే లైను మొత్తం ఆపాలి, అది ఆదివారం తప్ప కాదన్నాడు ఆపరేటర్. షిఫ్టు ఇన్‌చార్జి ఉత్తరాది అతను. బతిమాలితే మెత్తబడ్డాడు. నాలుగింటికి చాయ్ టైములో మిషన్లు ఎలాగూ ఆగుతాయి, పదిహేను నిమిషాలు వాల్వు మూసుకోండి, పదహారో నిమిషం నా మిషన్లకు గాలి కావాలి అన్నాడు హిందీలో. నాలుగో పాట పదకొండు నిమిషాలు. తప్పు పోతే మళ్లీ వాయించే వీలు లేదు.

పరుగెత్తుకొచ్చి షెడ్డులో చెప్పాను. కండక్టరు గారు చేతి గడియారం చూసుకున్నారు. పెట్టెల్లోకి పోయిన రెండు వయొలిన్లు బయటికి వచ్చాయి. మూడున్నరకు మళ్లీ కంప్రెసర్ రూముకు వెళ్లి, ఇన్‌చార్జిని ఒప్పించి, ఆపరేటరూ నేనూ వాల్వు ఒక్క నిమిషం మూసి చూశాం. పాతబడిన వాల్వు, పూర్తిగా పట్టలేదు. నురగ చిన్నగా పొంగుతూనే ఉంది. ఆపరేటర్ సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి, తడిగుడ్డ మీద జాయింటుకు చుట్టాడు. రెండు చేతులతో బిగబట్టి పట్టుకుంటే నురగ ఆగింది. వదిలితే మొదలైంది. అతను వాల్వు దగ్గర ఉండాలి. మిగతావాళ్లంతా చాయ్‌కు క్యాంటీన్‌కు పోతారు. ఎవరో ఒకరు ఆ ట్యూబు పట్టుకోవాలి.

నాలుగింటికి ఐదు నిమిషాలు ఉందనగా మా ఇంజనీరు ఫోన్ చేసింది. అందరూ కూర్చున్నారు, జల్దీ రండి అంది. నేను ట్యూబు పట్టుకునే ఉన్నాను, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని.

"నేను ఈన్నే ఉంట బిడ్డా. కుర్చీల నువ్వు కూసో."

ఆమె గొంతు తగ్గించింది.

"సార్, మీరు లేకుండ ఎట్ల?"

"నేనుండంగ ఏమైందో సూసినవ్ గద. నీకు ఇనబడ్తది. కూసో."

ఫోన్ పెట్టేసింది. కూసో అన్న ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో రాయలేను. నాలుగేళ్ల ముందే అనాల్సింది, కనీసం ఆ పొద్దునైనా అనాల్సింది.

నాలుగైంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆపరేటర్ వాల్వు తిప్పి నాకు చెయ్యి ఊపాడు. ట్యూబు బిగించాను. తర్వాత పదకొండు నిమిషాలు నేను విన్నది చాలా తక్కువ. కంప్రెసర్ ఖాళీగా తిరుగుతున్న చప్పుడు, గోడ అవతల డ్రమ్స్ దిమ్ము. వయొలిన్లు ఆ గోడ దాటి రాలేదు. వచ్చినా నాకెంతవరకు అందేవో. వేళ్లు తిమ్మిరెక్కాయి, ఒకసారి పట్టు జారబోతే ఆపరేటర్ గడియారం చూస్తూనే ఇంకొంచెం అన్నా, ఇంకొంచెం అన్నాడు. దిమ్ము ఆగింది. సన్నటి చోటు వచ్చిందని అర్థమైంది. నురగనే చూశాను. ఒక్క బుడగ లేవలేదు. మళ్లీ దిమ్ము మొదలైంది. నాకు కళ్ల వెంబడి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మిగతా మూడు పాటలు దక్కలేదు. ఎన్ని రకాలుగా తీయబోయినా వయొలిన్లు మొద్దుబారిపోయాయి. ఆర్కెస్ట్రా మళ్లీ దొరకలేదు, ఆ షెడ్డు కూడా కొన్నాళ్లకు పడగొట్టారు. పిల్లలు ఆ ఒక్క పాటే బయటికి తెచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఇప్పటికీ కొరుకుతుంది. మొదటి రెండు పాటలు నా చెవి తప్పు. మూడోది నా తప్పు. ఈ రెంటికీ తేడా తెలుసుకోండి, చాలు.

ఆ సాయంత్రం నేను చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చేసరికి, పాట వినడానికి రెండు గుంపులూ కలిసి టేబుల్ చుట్టూ చేరాయి. నన్ను చూసి మా ఇంజనీరు అలవాటుగా కుర్చీలోంచి లేచింది. భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టి, నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆమె పాట పెట్టింది. గిటార్లు గర్జించి ఆగాయి, వయొలిన్లు లేచాయి. కండక్టరు గారు కళ్లు మూసుకుని ఉన్నారు, గిటారు పిల్లాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అందినంత వరకు అద్భుతంగా ఉంది. నాకు అందని చోట ఏముందో తెలియదు. ఆమె వైపు వంగి, ముప్పై ఎనిమిదేళ్లలో ఎవ్వరినీ అడగని మాట అడిగాను.

"సీటీ ఉన్నదా బిడ్డా?"

"లేదు సార్," అంది.

తెర వైపు చూడకుండా, ఆ మాట నమ్మి, మిగతా పాట విన్నాను.